గ్రిబిన్ పత్రికలో లీకు సమరము

వినుడు, వినుడు, వినబడనివారు పక్కవారిని గిల్లి అడుగుడు. నవంబరు మాసపు తొలి శనివారమున, వాన పడుచున్నదో, పడుటకు వచ్చి మాటలలో పడినదో తేల్చి చెప్పరాని వేల్సు దేశపు మధ్యాహ్నమున, గొర్రెలు మనుష్యులకంటె పదునాలుగు రెట్లధికముగ ఓటుహక్కు లేక జీవించు కూమ్ బెడూ అను లోయగ్రామమున, చాపెల్ వెనుకనున్న వెస్ట్రీ అను ఏకగవాక్ష-ద్విబల్ల-సప్తదశకుర్చీ-విరాజిత సభామందిరమున, టీకెటిల్ శంఖమువలె ఊదుచుండగా, కత్తెరతో కత్తెర, చీటీతో చీటీ, గడ్డముతో జిగురు తలపడిన ఆ మహాసంగ్రామమును గానము చేసెదను. ఆ బల్లకు ఎడమవైపు మూడవ కుర్చీ నాది గనుక నా మాట నమ్మవచ్చును.

యుద్ధమునకు మూలము రాజ్యము కాదు, రమణి కాదు. మూడు లీకులు. లీకనగా కుళాయి కారునది కాదు, కచేరీనుండి కారునదియును కాదు. ఉల్లికి జ్ఞాతి, గడ్డ కట్టుటకు బద్ధకించి నిలువున సాగిన శాకము. ఆ దేశమున దానిని కిరీటమువలె గౌరవింతురు, పిమ్మట చారులో వేసికొందురు.

ఆ గ్రామమునకొక పత్రిక కలదు. పేరు 'గ్రిబిన్', అనగా గడ్డిదంతె. దంతె పొలమున గడ్డిని పోగుచేయునట్లు ఈ పత్రిక ఊరి సంగతులను పోగుచేయును: ఎవరికి మనుమరాలు పుట్టినది, ఎవరి పొట్టేలు నెగ్గినది, ఎవరి గొడుగు చాపెల్‌లో దిక్కులేక పడియున్నది. భూగోళము తలక్రిందులైనను గ్రిబిన్‌కు గొడుగే ముఖ్యము. నెలకొక సంచిక, ప్రతులు మూడువందల పన్నెండు. పట్టణమున అచ్చయి విడికాగితములుగా వచ్చును. వానిని ఒకదానిలో నొకటి దూర్చి, మడిచి, చెంచా వీపుతో రుద్ది మడత నిలుపుట ఊరివారి వంతు. ప్రతివారికి తమ తమ చెంచా కలదు. ఒకరి చెంచా వేరొకరు ముట్టుట మర్యాద కాదు. మడుచువారు చదువుచు మడుతురు, చదివి మడతపేచీలు పెట్టుదురు. అందుచేత గ్రిబిన్ గడప చేరులోపలనే సగము ఊరికి కంఠస్థమగును.

ఇంకొక ఆచారము. కూమ్ బెడూలో వంశనామమున సగముమంది పారీలు, తక్కిన సగము ప్యూలు. వీధిలో నిలిచి పారీ అని కేక వేసిన పదునేడుగురు తిరిగి చూతురు, ఒక కుక్కతో కలిపి. కావున మనిషిని అతని పొలపుటింటి పేరున పిలుతురు. మనకు ఇంటిపేరుండును, ఇల్లుండవచ్చును, ఉండకపోవచ్చును. వారికి ఇంటి పేరే ఇంటిపేరు.

అట్టి నామధేయధారులలో అగ్రగణ్యుడు, డెబ్బదితొమ్మిదేండ్ల శీతవాతములకు చెక్కు చెదరనివాడు, ఎమ్రిస్ బ్రిన్ ఐథిన్. బ్రిన్ ఐథిన్ అను కొండపొలమున పుట్టి, అచ్చటనే గొర్రెలు కాచి, మోకాళ్ళు సమ్మెకు దిగగా రెండేండ్ల క్రిందట దానిని అమ్మి, ఊరినడుమ నాలుగవ నంబరు చిన్నయింటికి దిగివచ్చెను. ఆ నంబరుతో వచ్చిన తొలి ఉత్తరమును వారము దినములు విప్పలేదు. అది వేరెవరిదో అనుకొనెను. ఊరి పంటపోటీలో మూడు లీకుల విభాగమున ఆయన ఇరువదియేడు మారులు రెండవవాడు, ద్వితీయుడగుటలో అద్వితీయుడు. ఇరువదియేడు మారులు గ్రిబిన్ ఆ సంగతి వేసెను. ఇరువదియేడు ముక్కలను ఆయన కత్తిరించి వంటింటి అలమార తలుపు లోపలివైపున అంటించుకొనెను. ఈ ఏడు సెప్టెంబరులో, నాలుగవ నంబరు పెరటిలోని జానెడు మట్టిలో పెంచిన లీకులకు, మొదటి బహుమతి వచ్చెను. అలమారలో ఇరువదియెనిమిదవ చోటును ఆయన తుడిచి యుంచెను.

ఇట్లుండ, ఒంటిగంట నలుబది నిమిషములకు, తపాలా కిటికీని కిరాణా కొట్టును ఏకహస్తమున ఏలు గ్వెండా, ఊరిలోని ఏ కవరును విప్పకయే అందలి విషయము చెప్పగల దివ్యదృష్టి కలది, తొలి ప్రతి ఐదవ పుటను చూచి చెంచా జారవిడిచెను. చెంచా రాతినేలపై పడి మ్రోగెను. అదియే రణభేరి.

"టీచరమ్మా, క్లైవ్ గారు లీకులు ఎప్పుడు వేశారు?" అని అడిగెను.

సంపాదకురాలు ఎలినెడ్ తలయెత్తెను. నలుబదియేండ్లు ఊరి పిల్లలకు చదువు చెప్పిన ఆ కామా-పరిరక్షణ-దురంధర, పూర్ణవిరామ-ప్రతిష్ఠాపన-ధీర, తన జీవితమున అచ్చుతప్పునకు తలవంచి యెరుగదు.

"నువ్వే కదే రాసిచ్చావు. లీకులు మూడు, మొదటిది బ్రిన్ ఐథిన్ అని."

"అవును. బ్రిన్ ఐథిన్ అని రాశాను."

"బ్రిన్ ఐథిన్‌లో ఉంటున్నది క్లైవ్ గారు. పోటీ రోజు నేను తుంటి ఆపరేషన్ చేయించుకుని ఆస్పత్రిలో పడున్నాను, అందుకే పోయిన నెల సంచికే రాలేదు. మీరేమో ఇళ్ళ పేర్లు రాసి నా ముందు పడేస్తారు. నేను చందాదారుల జాబితా తీసి, ఆ ఇంటికెదురుగా ఎవరి పేరుంటే వాళ్ళని వేశాను. అందులో తప్పేముంది?"

"తప్పేం లేదమ్మా. లీకులు పెంచింది ఎమ్రిస్ బాబాయి, అంతే."

మూడువందల పన్నెండు ప్రతులు, మూడువందల పన్నెండు మారులు, 'లీకులు మూడు, మొదటి బహుమతి: శ్రీ క్లైవ్ ఆడ్లింగ్టన్, బ్రిన్ ఐథిన్' అని ఘోషించుచుండెను. ఎలినెడ్ ముఖమున రంగు, చవక సిరా వానలో తడిసినట్లు, మెల్లగా దిగిపోయెను.

అప్పుడు ఊరి బస్సు నడుపు ఇద్రిస్, మూరెడు గడ్డము, బారెడు భుజములు కలవాడు, ఎండుద్రాక్షల బారా బ్రిత్ రొట్టె నమలుట నాపి పలికెను.

"బాబాయి ఏమన్నా అంటాడంటావా అక్కా?"

"ఏమీ అనడు. అదే నా భయం," అనెను గ్వెండా. "చూస్తాడు. చెంచా కింద పెడతాడు. టోపీ తగిలించుకుని వెళ్ళిపోతాడు. ఇంక ఈ గుమ్మం తొక్కడు. ఇల్లు పోయింది, పేరు కూడా పోయిందయ్యా అని మనమే అచ్చేసి చెప్పినట్టు."

"ఎప్పుడొస్తానన్నాడు?"

"రగ్బీ అయ్యాక."

అందరు అలమారపైనున్న రేడియోవంక చూచిరి. ఆస్ట్రేలియాతో ఆట మొదలై పది నిమిషములు. మిగిలినది డెబ్బది నిమిషముల ఆట, నడుమ విరామము, పిదప ఎమ్రిస్ మోకాళ్ళకు పట్టు పండ్రెండు నిమిషముల నడక. ఆ కొలది వ్యవధిలో ఒక మనిషి పేరును తిరిగి నిలబెట్టవలెను.

ఎలినెడ్ ప్లాస్టిక్ సింహాసనమునుండి లేచెను. ఆనకట్ట తెగినట్లు, అటకమీది పళ్ళెములు దొర్లినట్లు, ఆమె ఇట్లు గర్జించెను.

"మళ్ళీ అచ్చు వేయించే మాటే లేదు. చీటీలు రాస్తాను, నకళ్ళు తీద్దాం, ప్రతిదాని మీదా అంటిద్దాం. వంకరగా అంటించినవాళ్ళ సంగతి తర్వాత చెప్తాను. ఇద్రిస్, ఆ రొట్టె అవతల పెట్టి చేతులు కడుక్కో."

చేతులు కడుగబడెను. ఒక కాగితమున ఇరువదినాలుగు చీటీల చొప్పున పదమూడు కాగితములు చాలునని లెక్క తేలెను. గణితమున అంత ముచ్చటైన భాగహారము మరల దొరకదు. ఎలినెడ్ కలము చేపట్టి గుండ్రని బడి అక్షరములతో వ్రాసెను: 'శ్రీ ఎమ్రిస్ పారీ, నం. 4'.

"పారీ ఎవరు?" అనెను గ్వెండా.

"ఆయనే. చట్టప్రకారం."

"చట్టప్రకారం మా ఆయన కూడా అందగాడే. ఎమ్రిస్ బ్రిన్ ఐథిన్ అని రాయండి."

"ఆ పేరు ఇంకొకరి గుమ్మం మీద ఉందే. ఒకసారి తప్పు చేశాను. ఇప్పుడు అడక్కుండా క్లైవ్ గారి ఇంటి పేరు తీసి ఇంకొకరికి ఇవ్వనా?"

"ఇంకొకరేంటమ్మా, ఆ పేరుతోనే పుట్టాడు మనిషి."

కలము గాలిలో నిలిచెను. రేడియోలో ఎవడో బంతిని గట్టిగ తన్నెను. సరిగ్గా అప్పుడే, నాటకమైనచో ఇంత సరిగ్గా రాకూడదని కోసివేయుదురు, తలుపు తెరచుకొని, రెండు గుప్పిళ్ళ వానతో కూడ క్లైవ్ ఆడ్లింగ్టన్ లోనికి వచ్చెను. ఇంగ్లండునుండి వచ్చి బ్రిన్ ఐథిన్ కొన్నవాడు. ఊరి భాషను పుస్తకములో నేర్చినవాడు, కావున ఊరిలో ఎవ్వరును మాట్లాడని శుద్ధతతో మాట్లాడువాడు. చేతిలో క్రొత్త చెంచా ఉండెను.

"శుభమధ్యాహ్నము. నేను మడుచుటకు వచ్చితిని. వర్షము మిక్కిలి తడిగా నున్నది," అనెను.

ఇద్రిస్ ప్రతుల దొంతరపై కూర్చుండెను. బస్సు ఆగునప్పటి నిట్టూర్పు వంటిది ఆ కాగితములనుండి వెలువడెను.

"లేవరా, నలిగిపోతాయి," అనెను ఎలినెడ్. పిమ్మట, పాఠశాల తనిఖీకి నిలిచినట్లు నిలిచి, ఐదవ పుటను క్లైవ్ చేతికిచ్చెను.

క్లైవ్ చదివెను. మరల చదివెను. "ఇది నిజము కాజాలదు. నేను లీకును నాటలేదు. నేను నాటినచో అది మరణించును."

"ఎమ్రిస్ గారివండీ," అనెను గ్వెండా. "చీటీ అంటిస్తున్నాం. మరి ఆయన పేరు పక్కన బ్రిన్ ఐథిన్ అని పెట్టాలంటే... అది మీ ఇల్లు కదా, మీరేమంటారోనని."

క్లైవ్ చెంచాను అటునిటు త్రిప్పెను. వ్యాకరణము సరిచూచుకొనుచుండెనని తెలియుచునే యుండెను.

"గృహమును నేను పొందితిని. నామము ఆయన వెంట వెళ్ళినది. నామఫలకము నా గుమ్మముననే కలదు, కాని నన్ను ఎవ్వరును ఆ పేరున పిలువలేదు. నన్ను 'ఆ ఇంగ్లీషాయన' అందురు. కొట్టులో నేను చక్కెర వరుసవద్ద ఉండగా వింటిని."

గ్వెండా రేడియోవంక అత్యంతాసక్తితో చూచెను.

"వ్రాయుడు," అనెను క్లైవ్. "ఆయనది ఆయనకిచ్చుటకు నన్నడుగనేల?"

ఎలినెడ్ వ్రాసెను. నకలు యంత్రము దగ్గెను, మూలిగెను, పదమూడు కాగితములను కనెను. కత్తెరలు లేచెను. అయితే, అయ్యో, ఆయుధాగారము తెరువగా జిగురు గొట్టములు రెండే. అందొకటి ఎండి సుద్దముక్కయై యుండెను. రెండవది పందొమ్మిదవ చీటీవద్ద తుది శ్వాస విడిచెను. అటు విరామము ముగిసి ఆట తిరిగి మొదలయ్యెను.

"ఊరంతటికీ ఒక్క జిగురా?" అనెను ఎలినెడ్. "గ్వెండా, నీ కొట్లో?"

"ఇప్పుడడిగితే ఎక్కడిది టీచరమ్మా? పిల్లలు బడి తెరవగానే కొనేశారు."

అప్పుడు క్లైవ్ ఆడ్లింగ్టన్ కోటు విప్పి కొక్కెమునకు తగిలించెను. చొక్కా చేతులు ఒక్కొక్క మడత చొప్పున మోచేతుల పైకి మడిచెను. లోపల అంతవరకు దాగియున్న రెండు ముంజేతులు బయటపడెను. అవి పుస్తకములు చదువువాని ముంజేతులు కావు.

"ఇచ్చట మైదా కలదా? నేను ముప్పదినాలుగు సంవత్సరములు గోడలకు రంగుకాగితములు అంటించితిని. అది నా వృత్తి. అంటించుట నాకు తెలియును."

వెస్ట్రీ వంటమూలన పిండి దొరికెను. ఆ ధీరుడు, ఆ పిష్ట-విలోడన-విచక్షణుడు, చల్లని నీట పిండిని కలిపి, కాగు నీటిలో సన్నధారగ వదలుచు, గరిట ఆపక, ఒక్క ఉండ కట్టనీక, అద్దమువలె మెరయు బంకను కాచి దించెను. అది చూచి ఎలినెడ్ కండ్లు చెమర్చెను. తన పిండివంటలలో ఎన్నడును ఉండలు లేని పాకము రాలేదు.

ఇక చూడవలెను. ఒకవైపు గ్వెండా చీటీలను కత్తిరించి విసరుచుండ, అవి తెల్లపావురములవలె బల్లపై వాలుచుండ, క్లైవ్ వాని వీపున కుంచెతో ఒక్క వ్రేటు వేసి అందించుచుండ, ఎలినెడ్ వానిని పుటపై మోపి పాత అబద్ధమును క్రొత్త నిజముతో కప్పుచుండ, ఇద్రిస్ పిడికిలితో నొక్కి ముద్రించుచుండ, తక్కినవారము దూర్చి, మడిచి, చెంచా వీపుల టకటకారావముతో దిక్కులు పిక్కటిల్లజేయుచుండ, నూరు దాటెను, నూటయెనుబది దాటెను, కిటికీ అద్దములు ఆవిరితో మూసికొనెను, టీ చల్లారెను, చల్లారిన టీలో క్లైవ్ కుంచె ముంచెను, ముంచినది ఎరుగక గ్వెండా త్రాగెను.

"టీ చిక్కగా ఉందివాళ," అనెను.

రెండువందల నలుబదివద్ద రేడియో కేక పెట్టెను. వేల్సు ఆటగాడొకడు నేలబడి లేవకుండెను. దేశమంతటను తల్లులు గుండెలపై చేతులు వేసికొనిరి. వెస్ట్రీలో మాత్రము ముఖములు వికసించెను.

"ఎంతసేపు ఆపుతారు?" అనెను ఇద్రిస్.

ఎలినెడ్ చాపెల్ పెద్దలలో ఒకతె గదా, చేయి ఆపకయే కన్నులు మూసికొని ప్రార్థించెను. "ప్రభువా, ఆ కుర్రాడికి దెబ్బ పెద్దది కానివ్వకు. కానీ కట్టు మాత్రం మెల్లగా కట్టనీ."

ప్రార్థన ఫలించెను. ఆరు నిమిషములు. ఆ ఆరు నిమిషములలో నలుబదియేడు ప్రతులు తరించెను. కుర్రవాడు లేచి కుంటుచు నడిచెను. వెస్ట్రీలో ఒకింత నిరుత్సాహము కలిగెను. తుది ఈల మ్రోగెను. ఎవరు గెలిచిరో మాలో ఎవ్వరును వినలేదు. మూడువందల నాలుగు. మూడువందల తొమ్మిది. ఎలినెడ్ మూడువందల పదునొకండవ చీటీని సరిచేసి, చేయి చాచెను.

"ఆఖరిది."

చీటీ లేదు. బల్లపై లేదు, బల్లక్రింద లేదు, టీకప్పులో లేదు. గ్వెండా తన కొప్పును వెదకెను. ఇద్రిస్ రొట్టె పళ్ళెమునెత్తి చూచెను. అంతలో బయట కర్ర చప్పుడు వినబడెను, రాతిమెట్లపై, టక్కు, ఆగి, టక్కు.

చిట్టచివరి ప్రతిని ఎలినెడ్ తన స్వెట్టరులో దాచెను. అందరు చెంచాలు చేపట్టి, పుట్టి యింతవరకు మడుచుట తప్ప మరేమియు ఎరుగనివారివలె మడువసాగిరి. తలుపు తెరచుకొనెను. ఎమ్రిస్ బ్రిన్ ఐథిన్ లోనికి వచ్చి, టోపీ తీసి దులిపి, తన కుర్చీలో కూర్చుండి, జేబునుండి చెంచా తీసెను.

"ఏంటి, ఇంత బుద్ధిగా ఉన్నారు?" అనెను. "ఎవరన్నా పోయారా?"

"లేదు బాబాయ్. పని ఎక్కువుంది," అనెను ఇద్రిస్.

ఎమ్రిస్ ఇద్రిస్‌ను చూచెను. కండ్లద్దములు సవరించుకొని మరల చూచెను. ముందుకు వంగెను.

"ఇద్రిస్, నీ గడ్డంలో నేనేం చేస్తున్నాను?"

ఆ గడ్డారణ్యమధ్యమున, బంకతో బిగిసి, 'లీకులు మూడు, మొదటి బహుమతి: ఎమ్రిస్ బ్రిన్ ఐథిన్' అను చీటీ పతాకమువలె రెపరెపలాడుచుండెను. ఇద్రిస్ దానిని లాగెను. అది రాలేదు. మరల లాగెను. ముప్పదినాలుగేండ్ల అనుభవము ఆ బంకలో ఉండెను. గడ్డము రాజీకి సిద్ధమయ్యెను గాని చీటీ కాలేదు.

ఎలినెడ్ లేచి నిలిచెను. ఎందరో పిల్లలకు తప్పు ఒప్పుకొనుట నేర్పిన ఆమె, స్వెట్టరునుండి ఆ కడపటి ప్రతిని తీసి, అందరు వినునట్లు చెప్పెను.

"తప్పు నాది ఎమ్రిస్. గ్వెండా బ్రిన్ ఐథిన్ అని రాసిచ్చింది. ఊళ్ళో ఎవరిని అడిగినా అది నువ్వే అని చెప్పేవాళ్ళు. నేను ఎవరినీ అడగలేదు. జాబితా చూసి, ఆ ఇంట్లో ఎవరుంటే వాళ్ళ పేరు వేశాను. ఇల్లు చూశాను, మనిషిని చూళ్ళేదు. అందుకే అందరం కూర్చుని చీటీలు అంటించాం. ఈ ఒక్కటి మిగిలిపోయింది, దీని చీటీ వాడి గడ్డంలో ఉంది."

ఎమ్రిస్ చూచెను. చెంచాను బల్లపై పెట్టెను.

గ్వెండా శ్వాస బిగబట్టెను. నేనును బిగబట్టితిని. కెటిల్ సైతము ఊదుట మానెను. ఆయన చేయి టోపీ వైపు సాగెను, టోపీని దాటెను, దొంతరనుండి ఒక ప్రతిని తీసెను. ఐదవ పుట తెరచి, చీటీపై బొటనవ్రేలు ఈ కొననుండి ఆ కొనకు మెల్లగ నడిపెను. గొర్రెల చెవులలోని గుర్తులను తడిమి చదివిన వ్రేలది.

"అంచు లేవలేదు," అనెను. "ఉండల్లేవు. బంక ఎవరు కాచారు?"

"నేను కాచితిని," అనెను క్లైవ్.

"కాచితిని," అని ఎమ్రిస్ ఆ మాటను నోటిలో ఒకసారి చప్పరించెను. "మా తాత అనేవాడు ఆ మాట, చాపెల్‌లో. మైదానా?"

"మైదాయే. చల్లనీటిలో కలిపి, పిదప వేడినీటిలో."

"ఊఁ." ఎమ్రిస్ ఆ కడపటి ప్రతిని, చీటీ లేనిదానిని, ఎలినెడ్ చేతినుండి తీసికొని చదివెను. క్లైవ్ ఆడ్లింగ్టన్, బ్రిన్ ఐథిన్, మొదటి బహుమతి. ఆయన భుజములు కదలెను. ఏడ్చుచున్నాడని ఎలినెడ్ చేతిరుమాలు తీసెను. ఆయన నవ్వుచుండెను, శబ్దము లేక, డెబ్బదితొమ్మిదేండ్లు ఆదా చేసికొన్న నవ్వు.

"నాకు ఇరవై ఎనిమిదేళ్ళు పట్టింది. ఈయనకి ఒక్క గింజ నాటకుండానే వచ్చేసింది," అనెను. ఆ ప్రతిని నాలుగు మడతలు మడిచి, చెంచా వీపుతో రుద్ది, బల్లమీదుగ ఇద్రిస్‌వైపు జరిపెను. "ఇది చీటీ వేయకుండా అట్లాగే ఉంచండి. క్లైవ్ బంకకి ఇవ్వండి, అలమారకి అంటించుకుంటాడు."

"ఎవరికి?" అనెను గ్వెండా.

"క్లైవ్ బంకకి. ఈయనే. మరేమంటారు, పేరు లేకుండా?"

క్లైవ్ ఆ రెండు మాటలను వ్యాకరణములో వెదకినట్లు పెదవులు కదల్చెను. ఎలినెడ్ అప్పటికే చందాదారుల జాబితా తీసి, 'శ్రీ ఆడ్లింగ్టన్' పై గీత కొట్టి, గుండ్రని అక్షరములతో క్రొత్త పేరు వ్రాయుచుండెను. ఇద్రిస్ గడ్డము పట్టుకొనియే చప్పట్లు కొట్టుటకు యత్నించి విఫలుడయ్యెను.

"వచ్చే ఏడు లీకులు వెయ్యండి," అనెను ఎమ్రిస్, చెంచా తిరిగి చేపట్టి. "రెండోది వస్తే ఎట్లా ఉంటుందో నేను చెప్తాను. అందులో నన్ను మించినవాడు లేడు."

"తప్పక వేసెదను, బ్రిన్ ఐథిన్," అనెను క్లైవ్ బంక.

కావున చాటుడు, ఓ కూమ్ బెడూ గొర్రెలారా, చాటుడు, తడిసిన కంచెలారా: నవంబరు తొలి శనివారమున, మూడున్నర గంటలకు, అంగుళము వెడల్పు, మూడంగుళముల పొడవు గల మహారాజ్యము శత్రుహస్తమునుండి విడిపింపబడి, శత్రువుచేతనే అంటింపబడి, తన ప్రభువును తాను చేరెను; మూడువందల పదునొకండు పత్రికలలోను, ఒక గడ్డములోను.